మూడో నంబరు మగ్గం

నెల్లిమర్లలో మిల్లు గేటు ఎదురు ఖాళీ జాగాలో
నాటకాల వాళ్ళు దిగారని
ఆటో మైకు మూడుసార్లు తిరిగింది.
మా సిన్నాన్నకి వినబళ్ళేదు.
గోడ మీది పోస్టరు చూసొచ్చి
ఇస్త్రీ చొక్కా తియ్యమన్నాడు.

ముప్పై రెండేళ్ళు నేత ఖాతాలో చేసినవాడు.
మగ్గాల మోత ముందు కుడి చెవి తిన్నది,
తర్వాత ఎడమది.
పీఎఫ్ డబ్బులు చేతికొచ్చేసరికి రెండూ ఖాళీ.
అక్కడ అందరూ పెదాలతోనే మాట్లాడుకునేవారట,
సైగతో బీడీ అడిగేవారట,
ఇంట్లో చేపల పులుసని
ముక్కు గిల్లుకుని చెప్పుకునేవారట.

"ఏటి ఇనబడతాదని నీకు?" అంది పిన్ని.
ఆ మాటా పెదాల మీదే చదివి
"నాకు సూడ్డం వొచ్చు" అన్నాడు.

ముందు వరసలో కుర్చీకి యాభై.
వెనక గోనె పరుచుకుంటే ఊరికే.
ఆ గోనెలు ఈ మిల్లువే,
వాటి మీద కూర్చున్నవాళ్ళలో సగంమంది
వాటిని నేసినవాళ్ళే.
మేం కుర్చీలు కొన్నాం.

తెర మీద రాజమహలు,
మహలు నడుమ అతుకు,
అతుకు మీద నిరుటి వాన మరక.
పక్క తెర చాటున రాణి
తెనాలిలో ఇంటాయనతో ఫోనులో
అద్దె శనివారం వేస్తానంటోంది.
యువరాజు వేషం కుర్రాడికి
మూడో అంకం దాకా పని లేదు గనక
కిరీటాల పెట్టె మీదే నిద్రపోనిచ్చారు.
హార్మోనియం ఆయన మజ్జిగ సీసా మూత బిగించి
శ్రుతి పట్టాడు.

రాజొచ్చాడు. యాభై దాటిన మనిషి,
కిరీటం కింద నుంచి చెమట దారి చేసుకుంటోంది.
పద్యం నాలుగో పాదం దగ్గర
రాగం తీస్తూ, తీస్తూ, ఇంకా తీస్తూ ఉంటే
సిన్నాన్న ఆయన గొంతు నరాన్నే చూస్తున్నాడు.
మోకాలి మీద వేళ్ళు మెట్లెక్కుతున్నాయి, దిగుతున్నాయి.
సరిగ్గా ఊపిరి తెగే ముందు
లేచి అరిచాడు: "వన్స్ మోర్!"
తన అరుపు ఎంతుందో తనకి తెలీదు.
రాజు ఉలిక్కిపడి, నవ్వి,
మళ్ళీ మొదటి నుంచీ ఎత్తుకున్నాడు.

పదకొండు దాటాక, అడవి సీన్లో,
కరెంటు పోయింది.
మైకు గుటుక్కుమంది.
జనరేటరు కుర్రాడు తాడు లాగుతూ
ఎవర్నో తిడుతున్నాడు.
రాజు ఆపలేదు.
మైకు లేకపోతే మనిషి గొంతు అంతే ఉంటుందని
అప్పుడే తెలిసింది నాకు,
కాస్త బొంగురుగా, అంచు దగ్గర చిరుగుతో.
వెనక గోనెల మీద వాళ్ళు
పిల్లల నోళ్ళు మూసి ముందుకి వంగారు.

సిన్నాన్న ఒక్కడే నా మోచెయ్యి పట్టుకుని
"ఆపీసినాడేటి?" అన్నాడు.
లేదందామంటే నా పెదాలు కనబడవు.
అరచేతిలో వేలితో రాశాను,
అక్షరాలు ఆయనకి పోస్టరంత ఉండాలి.
మళ్ళీ అడిగాడు, "ఆపీసినాడేటే?"

లేపి, నడిపించి,
ఎవరి కాలో తొక్కి, ఎవరిచేతో తిట్టించుకుని,
స్టేజీ బల్ల మీద ఆయన అరచెయ్యి ఆనించాను.

హార్మోనియం పెట్టె ఆ చెక్క మీదే ఉంది.
జానెడు దూరంలో రాజు పాదం తాళం వేస్తోంది.
కాసేపు ఏమీ అనలేదు.
రెండో చెయ్యి కూడా పెట్టాడు.
తర్వాత వంగి గడ్డం ఆనించాడు,
పళ్ళలోంచి వింటున్నవాడిలా.
"మూడో నంబరు మగ్గం" అన్నాడు,
"ఇలాగే కొట్టుకునీది.
కళ్ళు మూసుకున్నా నాదేదో సెప్పీవోణ్ణి."

లైట్లొచ్చాయి.
కాళ్ళ దగ్గర ఓ ముసలి తల చూసి
రాజు పద్యం ఆపలేదు,
పాదం మాత్రం కాస్త గట్టిగా వేశాడు.

తెల్లారగట్ల టీ కొట్టు దగ్గర
సగం రంగు కడుక్కున్న రాజు వచ్చి కూర్చున్నాడు.
"పద్యం ఎలా ఉంది పెద్దాయనా?"
సిన్నాన్న పెదాలు చదివి, గ్లాసు దించి,
"వన్స్ మోరన్నాక
మూడో పాదంలో ఊపిరి దొంగిలించీసినావు బాబూ" అన్నాడు.

రాజు గతుక్కుమన్నాడు.
వెనక లారీలోకి రాజమహలు చుట్టలుగా ఎక్కుతోంది.
"నిజమే" అని పెదాలు బాగా కదిపి చెప్పి
మూడు టీలకీ
తనే డబ్బులిచ్చాడు.